మొదటి గరిటె మీరే చెక్కుకోవాలంటే: ఏ కర్ర, ఏ పనిముట్టు, ఏ నూనె?

చెక్క గరిటెలు చెక్కడం నేర్చుకోవాలని ఉందని చెప్పేవాళ్లలో చాలామంది నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ కత్తి కొనమంటారు?" కత్తి గురించి తప్పకుండా మాట్లాడుకుందాం. కానీ కత్తి బాగాలేక మొదటి ప్రయత్నం మధ్యలో ఆగిపోవడం నేను అరుదుగా చూశాను. ఎక్కువగా జరిగేది ఇది: ఎండి రాయిలా బిగుసుకున్న చింత చేవ ముక్కను తెచ్చుకుని, అందులోంచి లోతైన గుంట గరిటె తీయాలని కూర్చుంటారు. గంట గడిచేసరికి అరచేయి బొబ్బలెక్కుతుంది. ముక్క మీద నాలుగు గీతలు పడతాయి. "ఈ పని మనకు రాదు" అని దాన్ని అటక మీద పడేస్తారు. ఆ మనిషికి పని రాకపోవడమంటూ ఏమీ లేదు, చేతికి లొంగని కర్రను, మొదటిసారికి తగని వస్తువును ఎంచుకున్నారు.

అందుకే ఈ ఎంపికలను నేను ఒక వరుసలో చేయమంటాను. ముందు ఏ వస్తువు చెక్కాలో తేల్చుకోండి. తర్వాత కర్ర. ఆ రెండూ తేలితే పనిముట్టు దానంతటదే తేలుతుంది. నూనె చివర.

దేన్ని బట్టి ఎంచుకోవాలి?

అన్నింటికన్నా ముందు చూడవలసింది కర్ర చేతికి లొంగుతుందా లేదా అన్నదే. గట్టి కర్ర ఎక్కువ కాలం మన్నుతుందన్నది నిజమే. కానీ మీ మొదటి గరిటె పదేళ్లు మన్నాల్సిన పని లేదు. అది పూర్తి కావాలి, మీ చేతికి కర్ర తీరు తెలియాలి.

రెండోది మన వంటింటి తీరు. మన గరిటె పడే పాట్లు తక్కువవి కావు. చింతపండు పులుసులో మరుగుతుంది, పోపులో కాగే నూనెను తాకుతుంది, పసుపును పీల్చుకుంటుంది, ఆపైన సింకులో రాత్రంతా నానుతుంది. ఇతర దేశాల వాళ్లు తమ వంటకు రాసుకున్న సలహాలు మనకు కొంతవరకే పనికివస్తాయి.

మూడోది రుచి, వాసన. కొన్ని కర్రలు మొదట్లో చేదు దిగుతాయి, కొన్ని రంగు దిగుతాయి, కొన్ని అసలు నోటికి సంబంధించిన వస్తువులకు పనికిరావు. ఇక నాలుగోది, మీ ఊళ్లో ఏది దొరుకుతుందన్నది. వీధి చివర వేపకొమ్మ నరికి పడేసి ఉంటే, ఎక్కడో దొరికే మేలిరకం కర్ర కోసం నెల రోజులు వెతకడం దండగ.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. కర్రలో నిలువునా సాగే పోగుల దారిని ఈ వ్యాసంలో "నార" అంటాను. చెక్కడం నేర్చుకోవడమంటే చాలావరకు ఆ నారను చదవడం నేర్చుకోవడమే.

ముందు ఏ వస్తువు?

నా సలహా సూటిగా చెబుతాను: తెడ్డు. రాగి సంగటి కెలకడానికి వాడేలాంటి బల్లపరుపు తెడ్డు. 35 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న ముక్క ఉంటే చాలు. గుంట తీయనక్కర్లేదు కాబట్టి ఒక్క సూటి కత్తితో పని అయిపోతుంది. నార మొత్తం ఒకే దిశలో నడుస్తుంది, ఎక్కడ ఎదురు తిరుగుతుందో స్పష్టంగా కనిపిస్తుంది. వెడల్పు భాగాన్ని 7 మిల్లీమీటర్ల దాకా పలచన చేసి, అంచును 3 మిల్లీమీటర్లకు తెస్తే అడుగంటిన ఉప్మాను కూడా గీకి తీస్తుంది. పైగా చెక్కింది ఆ రోజు నుంచే వంటింట్లో పనిచేస్తుంది. మొదటి వస్తువుకు అంతకన్నా పెద్ద గుణం ఇంకేముంటుంది?

అన్నం వడ్డించే హస్తం రెండో మెట్టు. కొద్దిగా పల్లం ఉంటుంది కానీ లోతైన గుంట ఉండదు. తెడ్డు ఒకటి రెండు చేశాక దీనికి రండి.

గుంట గరిటె అందరినీ ఆకర్షిస్తుంది. కష్టమంతా కూడా అందులోనే ఉంది. గుంట లోపల నార కిందికి దిగి మళ్లీ పైకి లేస్తుంది కాబట్టి ఒక వైపు నుంచి మధ్యకు, ఎదుటి వైపు నుంచి మళ్లీ మధ్యకు చెక్కుతూ రావాలి. ఆ రెండూ కలిసే చోట కర్ర చిరగకుండా చూసుకోవడమే అసలు నేర్పు. గుంటకూ కాడకూ మధ్య మెడ దగ్గర గరిటె ఎప్పుడూ బలహీనమే. సహజంగా వంగిన కొమ్మ దొరికితే ఆ వంపునే మెడగా వాడుకోండి. నార వంపు వెంటే తిరుగుతుంది కాబట్టి అలాంటి గరిటె తేలిగ్గా విరగదు.

పప్పుగుత్తి చూడటానికి తేలిక, చేయడానికి కాదు. గుండ్రటి తల కోసం కొమ్మను కొమ్మలాగే వాడాలనిపిస్తుంది. కొమ్మ నడిమధ్య ఉండే మెత్తటి గుజ్జు వస్తువులో మిగిలిపోతే ఎండేటప్పుడు అక్కడి నుంచే బీట తీస్తుంది. చీల్చిన పెద్ద మొద్దులోంచి నడిమి భాగం రాకుండా ముక్క తీసుకోగలిగితేనే గుత్తి జోలికి వెళ్లండి. కవ్వం గురించి ఇప్పుడే ఆలోచించవద్దు.

ఇక చాలామంది మరచిపోయేది చిప్ప గరిటె. గుంటను కొబ్బరికాయే తయారుచేసి ఇస్తుంది. సగం చిప్పను తీసుకుని, పీచు గీకేసి, అంచును ఆకురాయితో సరిచేసి, అంచుకు కాస్త కింద ఎదురెదురుగా రెండు రంధ్రాలు వేసి, వాటిలోంచి వెదురు కాడను బిగుతుగా దూర్చాలి. కత్తి పని దాదాపు లేదు. పిల్లలతో కలిసి చేయాలనుకునేవాళ్లకు, అపార్టుమెంటులో శబ్దం చేయలేనివాళ్లకు ఇంతకన్నా మంచి ఆరంభం నాకు తోచదు. రసానికీ పులుసుకూ ఇది బాగుంటుంది, గట్టి పిండిని కెలకడానికి మాత్రం పనికిరాదు.

పచ్చి కర్రా, ఎండు కర్రా?

ఇది ఎవరి ఇష్టం వారిదన్న విషయం అనుకుంటారు గానీ, మీ మొదటి అనుభవం మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఈ మధ్యే నరికిన పచ్చి వేపకొమ్మను నిలువునా చీల్చి కత్తి పెట్టి చూడండి. పొట్టు పొడవుగా, చల్లగా, తడిగా చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. అదే కొమ్మను ఆరు నెలలు ఎండనిచ్చి మళ్లీ కత్తి పెట్టండి. పొట్టు చిన్న చిన్న పెళుసు ముక్కలుగా రాలుతుంది. మణికట్టు పది నిమిషాల్లో అలసిపోతుంది.

చెక్కడం వరకు పచ్చి కర్రదే పైచేయి. ఆరడం దగ్గర అది లెక్క సరిచేస్తుంది. తేమ వేగంగా పోతే బీటలు వారుతుంది. మే నెలలో మేడ మీద ఆరబెట్టిన నా వేప గరిటె ఒకటి ఒక్క మధ్యాహ్నంలో మెడ నుంచి గుంట దాకా చీలిపోయింది. అప్పటి నుంచి నేను చేసే పద్ధతి ఇది: ముందు గరిటెను కావలసినదానికన్నా కొంచెం మందంగా చెక్కుతాను. పని మధ్యలో ఆపాల్సి వస్తే తడి పొట్టుతో కలిపి ప్లాస్టిక్ సంచిలో కట్టి పెడతాను. ముతక రూపం వచ్చాక పొట్టుతో సహా పాత వార్తాపత్రికల్లో చుట్టి, గాలి కొట్టని నీడలో ఒకటి రెండు వారాలు ఉంచుతాను. ఆ తర్వాతే తుది చెక్కుడు. వానాకాలంలో అయితే చిక్కు మరోలా ఉంటుంది: ఆరదు, బూజు పడుతుంది. అప్పుడు చుట్టిన కాగితాన్ని రోజూ మార్చాలి.

ఎండు కర్రలో ఈ గొడవ లేదు. ఈ రోజు చెక్కింది రేపు వంటకు వాడవచ్చు. వడ్రంగి కార్ఖానాలో మిగిలే ముక్కలు, సామిల్లులో దొరికే పలకలు అన్నీ ఎండువే. నగరంలో ఉండేవాళ్లకు తరచుగా ఇదొక్కటే దారి. కాబట్టి ఎండు కర్రతో మొదలుపెట్టేవాళ్లు మెత్తటి రకాన్నే ఎంచుకోవాలి. గట్టిదీ ఎండుదీ అయిన కర్ర అనుభవజ్ఞులకే.

కర్రల పోలిక

| కర్ర | చెక్కడానికి | వంటింట్లో | దొరకడం | మొదటిసారికి |
|---|---|---|---|---|
| వేప | పచ్చిగా ఉంటే సులువు, ఎండితే కష్టం | మన్నుతుంది, మొదట్లో చేదు | అంతటా | పచ్చిదైతే తప్పకుండా |
| టేకు ముక్కలు | సూటి నార, మధ్యస్థం | తడికి బాగా ఓర్చుకుంటుంది | వడ్రంగి దగ్గర | ఎండు కర్రల్లో నా మొదటి ఎంపిక |
| పనస | బాగా లొంగుతుంది | మంచిది, మొదట్లో పసుపు రంగు దిగుతుంది | కోస్తాలో ఎక్కువ | మంచిది |
| మామిడి | సులువు | పుచ్చు భయం, మచ్చలు | చవక, అంతటా | సాధనకు |
| చింత | చేవ చాలా కష్టం | చాలా గట్టిది | పల్లెల్లో, అడితిలో | వద్దు |
| నల్ల తుమ్మ | కష్టం | గట్టిది, నల్ల మరకలు | పల్లెల్లో | వద్దు |
| పొణికి | వెన్నలా | మెత్తన, వంటకు చాలదు | అరుదు | చేయి తిరగడానికే |

పట్టికలో ఇమడని మాటలు కొన్ని ఉన్నాయి.

వేప నార సూటిగా ఉండదు. ఒక పొర కుడికి వాలితే, దాని పైపొర ఎడమకు వాలుతుంది. అందుకే ఒకే దిశలో చెక్కుతున్నా ఒక పట్టీ నున్నగా వచ్చి, పక్క పట్టీ చిరిగినట్టు లేస్తుంది. అలా లేచినప్పుడు బలం పెంచవద్దు. కత్తికి పదును పెట్టి, పలచటి పొట్టు మాత్రమే వచ్చేలా, కొంచెం ఏటవాలుగా కోయండి. చేదు విషయానికి వస్తే, గరిటె పూర్తయ్యాక రెండు మూడుసార్లు వేడినీళ్లలో నానబెట్టి నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది. మొదటి వారం పాయసంలో మాత్రం పెట్టకండి.

టేకులో సహజంగా ఉండే నూనె తడిని ఆపుతుంది. కానీ దాని కణాల్లో ఇసుకలో ఉండే పదార్థమే, సిలికా, ఉంటుంది. అది కత్తి అంచును త్వరగా మొద్దుబారుస్తుంది. పది నిమిషాలకోసారి తోలు పట్టీ మీద రుద్దుకుంటే ఇబ్బంది ఉండదు. టేకు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది, నునుపు చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. తలుపులు, కిటికీలు చేసే వడ్రంగిని అడిగితే గరిటెకు సరిపడా ముక్క ఇస్తారు. పాలిష్ గానీ రంగు గానీ పడిన ముక్క మాత్రం వద్దు.

పనస మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. బొబ్బిలి వీణను చెక్కేది ఈ కర్రతోనే, అదీ ఒకే మొద్దులోంచి. వీణకుండే అంత పెద్ద కుండను తొలిచినా బీట తీయకుండా నిలబడుతుందంటే చిన్న గరిటె గుంటకు సందేహమే అక్కర్లేదు. కోసినప్పుడు పసుపుపచ్చగా మెరిసి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. దానిలోని పసుపు రంగు నీళ్లలో దిగుతుంది కాబట్టి దీన్ని కూడా వేపలాగే ముందు వేడినీళ్లలో నానబెట్టాలి.

మామిడికి పుచ్చు పట్టే గుణం ఉంది. సన్నని సూది రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే ఆ ముక్కను తీసుకోకండి. పచ్చి మామిడి బెరడు నుంచి కారే జీడి కొందరికి పడదు, చేతులు మండుతాయి.

చింత చేవ ఎంత గట్టిదో మాంసం కొట్టే మొద్దును చూస్తే తెలుస్తుంది. రోజూ కత్తివేటు తినే మొద్దుకు చింతను ఎంచుకున్నారంటే దాన్ని చిన్న కత్తితో చెక్కాలనుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. పదో గరిటెకు దాని దగ్గరికి వెళ్లండి, అప్పుడు ఆ ముదురు ఊదారంగు చేవ మీ శ్రమను తీరుస్తుంది. తుమ్మలో వగరు ఎక్కువ. ఇనుప కత్తి తడిగా ఉన్న వగరు కర్రను తాకితే నీలిరంగు కలిసిన నల్లమరక పడుతుంది. నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది.

కొండపల్లి బొమ్మల కోసం వాడే తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మల కోసం వాడే అంకుడు కర్ర, రెండూ మెత్తనివన్న పేరుతో కొత్తవాళ్లను ఊరిస్తాయి. పొణికి మరీ తేలిక, నీటిని పీల్చుకుంటుంది, వంటకు నిలబడదు. అంకుడు సన్నని నారతో చక్కగా ఉంటుంది, చిన్న చెంచాలకు బాగుంటుంది, దొరికితే వదలకండి. నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క చెంచాలు ప్రసిద్ధి. అక్కడి కళాకారులు దగ్గరి కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రలను వాడతారు. ఒక ఉదయగిరి చెంచాను కొనుక్కుని, కళ్లు మూసుకుని వేలితో గుంట లోపలి నుంచి మెడ మీదుగా కాడ చివర దాకా తడమండి. ఎక్కడ పలచన చేశారో, ఎక్కడ మందం ఉంచారో మీ వేలు చెబుతుంది.

వద్దనుకోవలసినవి గట్టిగానే చెబుతాను. గన్నేరు, పచ్చగన్నేరు విషపు చెట్లు, వాటి కొమ్మ ఎంత సూటిగా కనిపించినా ముట్టుకోవద్దు. ఏ చెట్టుదో తెలియని కర్ర వద్దు. ప్లైవుడ్ వద్దు, అందులో జిగురు ఉంటుంది. పాత రైలు స్లీపర్లను తారునూనెతో నానబెట్టేవారు, అవి వద్దు. సరుకుల పెట్టెల చెక్క మీద ఆంగ్లంలో ఎంబీ అన్న ముద్ర ఉంటే పురుగు చావడానికి విషవాయువు పట్టించారని అర్థం, హెచ్‌టీ అంటే వేడిచేశారని. హెచ్‌టీ అని ఉన్నా ఆ పెట్టెలో ఏ సరుకు ఒలికిందో మనకు తెలియదు కాబట్టి నేను గరిటెకు వాడను. ఎర్రచందనం చట్టం కట్టడిలో ఉన్న చెట్టు, ఎవరైనా చవకగా ఇస్తామన్నా తీసుకోకండి.

పనిముట్లు: నాలుగు దారులు

*ఒక్క సూటి కత్తి.* తెడ్డుకూ హస్తానికీ ఇది సరిపోతుంది. 6 నుంచి 8 సెంటీమీటర్ల అలుగు, చేతినిండా పట్టు ఉండే పిడి ఉండాలి. స్వీడన్ నుంచి వచ్చే మోరా కత్తుల్లో 120, 106 అనే రెండు రకాలు ఈ పనికే చేసినవి. 120 అలుగు పొట్టిది, కొత్త చేతికి అదుపులో ఉంటుంది. 106 పొడవైనది, పొడుగాటి కోతలకు బాగుంటుంది. దిగుమతి సరుకు వద్దనుకుంటే మీ ఊరి కమ్మరితో మంచి ఉక్కుతో చేయించుకోవచ్చు. అంచు రెండు వైపులా బల్లపరుపుగా వాలి ఉండాలని, అంచు దగ్గర మళ్లీ చిన్న వాలు పెట్టవద్దని చెప్పండి. వంటింటి కత్తి మాత్రం ఈ పనికి తేవద్దు, దాని పలచటి అలుగు వంగి జారుతుంది.

*సూటి కత్తితో పాటు కొక్కెం కత్తి.* గుంట గరిటె చేయాలంటే కొక్కెంలా వంగిన ఈ రెండో కత్తి కావాలి. కుడిచేతివాటం వాళ్లకు, ఎడమచేతివాటం వాళ్లకు వేర్వేరుగా ఉంటాయి, కొనేటప్పుడు చూసుకోండి. దీనికి పదును పెట్టడం కొంచెం ఓపిక పని: గుండ్రటి కర్రకు సన్నటి గరుకు కాగితం చుట్టి లోపలి వంపు వెంట లాగాలి.

*ఉలి, సుత్తి.* వడ్రంగి కుటుంబాల్లో పుట్టినవాళ్లకు, ఇంట్లో బల్లా బిగింపూ ఉన్నవాళ్లకు ఇది సహజమైన దారి. వంపు ఉలితో గుంట త్వరగా పడుతుంది, ఎండు కర్ర కూడా లొంగుతుంది. అయితే ముక్కను కదలకుండా బిగించాలి. ఒక చేత్తో ముక్కను, ఇంకో చేత్తో ఉలిని పట్టుకుని చేసే పనిలోనే గాయాలు ఎక్కువ. శబ్దం కూడా ఉంటుంది.

*బాడిస.* పిడికి అడ్డంగా అలుగు ఉండే, చిన్న గొడ్డలిలాంటి చెక్కుడు పనిముట్టు ఇది. పల్లెటూరిలో ఉండి, పచ్చి మొద్దులు దొరికేవాళ్లకు బాడిస పది నిమిషాల్లో చేసే పనికి కత్తితో గంట పడుతుంది. కానీ దీన్ని ఎవరైనా పక్కనుండి నేర్పాలి. చదివి నేర్చుకునే పనిముట్టు కాదిది.

ఇవేవీ కాకుండా రంపం, ఆకురాయి, గరుకు కాగితంతో తెడ్డు చేయవచ్చా? చేయవచ్చు. పదునైన అంచుకు భయపడేవాళ్లకు, పిల్లలకు అది మంచి దారే. కాకపోతే పొడి ఎక్కువ, సమయం ఎక్కువ.

ఏ దారి ఎంచుకున్నా పదునుకు కొంత డబ్బు కేటాయించండి. సానరాయి లేకపోతే అద్దం ముక్క మీద 400, 800, 1200, 2000 నంబర్ల తడి గరుకు కాగితాలు పరచి రుద్దుకోవచ్చు, ఆపైన పాత తోలు బెల్టు. మొద్దుబారిన కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టిన కత్తి జారినప్పుడు ఆగదు. మోచేతిని పక్కటెముకలకు ఆనించి చిన్న కోతలు కోయండి. తొడల మధ్య ముక్క పెట్టుకుని కిందికి ఎప్పుడూ కోయకండి, తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. ముక్క పట్టుకునే చేతికి కోతను తట్టుకునే తొడుగు వేసుకోవడంలో నామోషీ లేదు.

నునుపు: కత్తితోనా, కాగితంతోనా?

పదునైన కత్తితో చివరి పొట్టు తీసి వదిలేస్తే, ఉపరితలం మీద చిన్న చిన్న పలకలు మెరుస్తూ కనిపిస్తాయి. తడి తగిలినా పోగులు పెద్దగా లేవవు. ఇది చేయి తిరిగాక వచ్చే అందం. మొదటి గరిటెకు గరుకు కాగితమే నయం: 100, 150, 220, 320 వరుసలో, ప్రతిసారీ నార వెంటే. మధ్యలో నంబరు దాటవేస్తే ముతక గీతలు నూనె పూశాక బయటపడతాయి.

ఇక్కడ ఒక్క మెట్టు ఎవరూ వదలకూడదు. 220 తర్వాత గరిటెను నీళ్లలో తడిపి పూర్తిగా ఆరనివ్వండి. నున్నగా ఉన్నదనుకున్న ఉపరితలం పిల్లి నాలుకలా గరుకెక్కుతుంది. నలిగి అణిగిన పోగులన్నీ లేచాయన్నమాట. ఇప్పుడు 320తో తేలిగ్గా రుద్ది, మరోసారి తడిపి, మళ్లీ రుద్దండి. ఇది చేయని గరిటె మొదటి పులుసులోనే గరుకెక్కి పెదవికి గుచ్చుకుంటుంది.

నూనె: ఏది పూయాలి?

నూనెలు రెండు జాతులు. గాలి తగిలితే గట్టిపడి పొరగా మారేవి కొన్ని, ఎన్నాళ్లయినా నూనెగానే ఉండేవి కొన్ని. ఎంపిక ఇక్కడే ఉంది.

అవిసె నూనె గట్టిపడే జాతి. తినడానికి అమ్మే, గానుగ పట్టిన అవిసె నూనెనే కొనండి. రంగుల దుకాణంలో దొరికే "బాయిల్డ్" రకంలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, అది గరిటెకు వద్దు. పలచగా పూసి, పావుగంట ఆగి, మిగిలినదంతా తుడిచేయాలి. రోజుకో రెండు రోజులకో ఒక పూత చొప్పున మూడు పూతలు, ఆ తర్వాత రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. ఓపిక ఉన్నవాళ్లకు ఇంతకు మించినది లేదు. ఒక ప్రమాదం ఉంది: ఈ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేస్తే దానంతటదే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. గుడ్డను విప్పి ఆరబయట పరచండి, లేదా నీళ్లలో ముంచి పడేయండి.

కొబ్బరి నూనె గట్టిపడదు, కానీ త్వరగా చెడదు కూడా. ప్రతి ఇంట్లో ఉంటుంది, ఈ రోజే పూసి ఈ రోజే వాడవచ్చు. నెలకోసారి మళ్లీ పూయాలి, అంతే. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు పూయవద్దు. సరిగ్గా గట్టిపడవు, కొన్నాళ్లకు జిడ్డుగా మారి ముక్కవాసన వేస్తాయి. నువ్వుల నూనె వాటికన్నా నయం, కొబ్బరికన్నా తక్కువ.

మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ చెడదు, వాసన లేదు, కడిగేకొద్దీ పోతుంది. తేనెమైనాన్ని నాలుగు వంతుల నూనెలో కరిగించి పూస్తే చేతికి హాయిగా ఉంటుంది. కానీ మైనం 60 డిగ్రీలు దాటగానే కరుగుతుంది, మరిగే పులుసులో నిలవదు. వడ్డించే హస్తానికి, రొట్టెల పీటకు అది సరైనది.

లక్క, వార్నిష్ గురించి అడుగుతారు. ఏటికొప్పాకలో తిరిగే బొమ్మకు లక్కను ఒత్తితే రాపిడి వేడికి అది కరిగి అంటుకుంటుంది. అదే గుణం గరిటెకు శత్రువు: వేడి తగిలితే మెత్తబడుతుంది. బొమ్మకు లక్క, గరిటెకు నూనె. వార్నిష్ పెచ్చులుగా ఊడి కూరలో పడుతుంది.

అసలేమీ పూయకపోయినా తప్పు లేదు. టేకు, వేప తెడ్లు వంటనూనెనే తాగి కొన్నాళ్లకు తమంతట తామే నిగారిస్తాయి.

మీ సంగతి ఏది?

నగరంలో అపార్టుమెంటులో ఉండి, ఆదివారాలే తీరిక దొరికేవాళ్లు: టేకు ముక్క, 120 రకం కత్తి, తెడ్డు, కొబ్బరి నూనె. బాల్కనీలో పాత దుప్పటి పరచుకుంటే పొట్టు ఎత్తడం తేలిక. రెండు ఆదివారాల్లో పూర్తవుతుంది.

ఊళ్లో ఉండి చెట్టు కొమ్మలు దొరికేవాళ్లు: పచ్చి వేప లేదా పనస. మణికట్టు మందానికి రెండింతలున్న సూటి కొమ్మను ముడులు లేని చోట కోసి, నడిమధ్య చీల్చి, గుజ్జు భాగం తీసేయండి. ఒక కొమ్మలో రెండు తెడ్లు వస్తాయి. ఒకటి చెడినా రెండోది ఉంటుంది.

పిల్లలతో చేసేవాళ్లు: చిప్ప గరిటె. చిప్ప పొడి సన్నగా ఎగురుతుంది, తడిగుడ్డ పక్కన పెట్టుకుని రుద్దించండి.

చేతులకు, మణికట్టుకు నొప్పి ఉన్నవాళ్లు: పచ్చి కర్ర మాత్రమే, అదీ ఒకసారికి ఇరవై నిమిషాలు. ముతక రూపాన్ని వడ్రంగి చేత రంపంతో కోయించుకోవడంలో తప్పేమీ లేదు.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న తెలుగువాళ్లు: అక్కడ దొరికే బర్చ్, మేపుల్, చెర్రీ కర్రలు గరిటెలకు మేలైనవి. పచ్చి బర్చ్ మన పచ్చి వేపకన్నా సుఖంగా తెగుతుంది, నార సూటిగా ఉంటుంది. బొమ్మలు చెక్కడానికి అమ్మే బాస్‌వుడ్ పలకలు మాత్రం సంగటికి తట్టుకోవు, చేయి తిరగడానికే వాడండి. అక్కడివాళ్లు ఎక్కువగా సూచించే వాల్‌నట్ నూనె బాగానే గట్టిపడుతుంది, అయితే వాల్‌నట్ లాంటి పప్పులు పడని వాళ్లెవరైనా మీ ఇంట్లో తింటారేమో ముందు చూసుకోండి.

గరిటె వాడటం మొదలయ్యాక వారం తిరక్కుండానే పసుపు మరక పడుతుంది. సబ్బుతో రుద్ది రుద్ది నూనె పోగొట్టవద్దు. కడిగి తుడిచి, పొద్దుటి లేత ఎండలో గంటసేపు పెట్టండి. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. తర్వాత కాడను పైకి కాకుండా కిందికి ఉంచి స్టాండులో నిలబెట్టండి, గుంటలో మిగిలిన తడి త్వరగా ఆరుతుంది. నీళ్ల గిన్నెలో మాత్రం రాత్రంతా వదలకండి.